పెంగ్విన్‌కు ఇగం పెట్టదా? అది ఊగుతూ ఎందుకు నడుస్తుంది?

చలికాలం వచ్చిందంటే పిల్లల నోట పెంగ్విన్ మాట తరచుగా వినిపిస్తుంది. ఫోన్లో ఒకదాని వెనక ఒకటి వచ్చే చిన్న చిన్న వీడియోల్లో అవి ఊగుతూ నడుస్తాయి, పొట్ట మీద జారుతాయి, మంచు గాలిలో వందల కొద్దీ ఒక్కచోట గుమిగూడతాయి. చూసిన పిల్లలు ఊరుకోరు. "దానికి ఇగం పెట్టదా?", "చెప్పుల్లేకుండ మంచు మీద ఎట్ల నిలబడుతది?", "రెక్కలు ఉన్నయి కదా, ఎందుకు ఎగరదు?" అని అడుగుతారు. హన్మకొండ హంటర్ రోడ్డులోని జూకు పోయివచ్చిన పిల్లలైతే "మన జూల ఎందుకు లేదు?" అని కూడా అడుగుతారు.

పెద్దలం ఇచ్చే జవాబు మామూలుగా ఒక్క ముక్కలో అయిపోతుంది: "దానికి కొవ్వు ఎక్కువ, అందుకే చలి పెట్టదు." అందులో నిజం ఉంది, కానీ చాలా కొంచెమే. కొవ్వు ఒక్కటే చాలితే పాదాలు ఎందుకు గడ్డకట్టవు? పాదాలకు కొవ్వు లేదు కదా. ఆరేడేళ్ల పిల్లలకు కూడా అందేలా ఈ చిక్కుముడిని ఒక్కో పోగుగా విప్పి చూద్దాం. ముందే ఒక్క మాట చెప్పుకుంటే దారి తేలికవుతుంది. పెంగ్విన్ చలిని గెలిచేది కొత్తగా వేడి పుట్టించడం వల్ల కంటే ఉన్న వేడిని పోనివ్వకపోవడం వల్లే ఎక్కువ. దాని పొట్టి కాళ్లు, గట్టి రెక్కలు, ఊగే నడక, అన్నీ ఆ పొదుపుతో ముడిపడి ఉన్నవే.

## పెంగ్విన్ల చిరునామా: ఉత్తర ధ్రువం వైపు ఒక్కటీ లేదు

బొమ్మల పుస్తకాల్లో తెల్ల ఎలుగుబంటి, పెంగ్విన్ ఒకే మంచుగడ్డ మీద కూర్చుని ఉంటాయి. నిజంగా అయితే అవి ఎప్పుడూ కలుసుకోవు. తెల్ల ఎలుగుబంటి ఉండేది ఉత్తర ధ్రువం వైపు. పెంగ్విన్లు ఉండేది దాదాపు అన్నీ దక్షిణార్ధగోళంలో. గ్లోబు అడుగున తెల్లగా పరుచుకుని కనిపించే ఖండం అంటార్కిటికా. మన దేశానికి కూడా అక్కడ రెండు పరిశోధన కేంద్రాలు పనిచేస్తున్నాయి: 1989లో మొదలైన మైత్రి, 2012లో మొదలైన భారతి.

ఇంకో సంగతి. పెంగ్విన్లు ఒకే రకం పక్షులు కావు. సుమారు 18 రకాలు ఉన్నాయని ఎక్కువమంది శాస్త్రవేత్తలు లెక్కపెడతారు. వీటిలో గడ్డకట్టే చలిలో పిల్లల్ని పెంచేవి కొన్నే. అంటార్కిటికా ఖండమంతటి తీరాల్లో ఎంపరర్, అడెలీ కనిపిస్తాయి. దక్షిణ అమెరికా వైపు చేయి చాపినట్టున్న ద్వీపకల్పంలో జెంటూ, చిన్‌స్ట్రాప్ రకాలు కూడా ఉంటాయి. ఆఫ్రికన్ పెంగ్విన్ దక్షిణాఫ్రికా, నమీబియా తీరాల్లో ఎండలోనే బతుకుతుంది. గాలపాగస్ పెంగ్విన్ ఇల్లు భూమధ్యరేఖ దగ్గర. ముంబైలోని బైకుల్లా జూకు 2016లో దక్షిణ కొరియా నుంచి ఎనిమిది పెంగ్విన్లు వచ్చాయి. అవి హంబోల్ట్ రకం. వాటి సొంత ప్రాంతం పెరూ, చిలీ తీరం. అక్కడ ఒడ్డున మంచు ఉండదు, సముద్రం మాత్రం చల్లగా ఉంటుంది. అంటే పెంగ్విన్లకు మంచు తప్పనిసరి కాదు. చల్లటి సముద్రం, అందులో చేపలు, ఇవే ముఖ్యం. ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందు పనికొస్తుంది.

ఇక్కడ ఎక్కువగా ఎంపరర్ గురించే మాట్లాడుకుందాం. పెంగ్విన్లలో అదే పెద్దది. మీటరు పైచిలుకు ఎత్తు, 20 నుంచి 40 కిలోల దాకా బరువు. అంగన్‌వాడీకి వెళ్లే పిల్లంత ఎత్తున నిలబడుతుంది. అన్నిటికంటే కష్టమైన పని కూడా అదే చేస్తుంది: అంటార్కిటికా నడి చలికాలంలో గుడ్డు పొదుగుతుంది.

## చలి పెట్టడమంటే వేడి పోవడమే

పిల్లలు చలి అనేది బయటి నుంచి వచ్చి ఒంట్లో దూరుతుందని అనుకుంటారు. జరిగేది దానికి ఎదురు. మన ఒంట్లో వేడి ఉంటుంది, అది బయటికి పోతుంటే మనకు చలి పెడుతుంది. పోవడానికి దారులు నాలుగు. చల్లటి బండను తాకితే దానిలోకి పోతుంది. గాలి వీస్తే గాలితో పోతుంది. ఏమీ తాకకపోయినా కిరణాల రూపంలో ఒంటి నుంచి ఆకాశం వైపు పోతుంది. ఊపిరి వదిలినప్పుడు తేమతో పాటు పోతుంది. లోపలికీ బయటికీ తేడా ఎంత ఎక్కువైతే వేడి అంత వేగంగా జారిపోతుంది.

ఒక లెక్క వేద్దాం. డిసెంబరులో ఒక తెల్లవారుజాము వరంగల్‌లో 12 డిగ్రీలు ఉందనుకోండి. మన ఒంట్లో వేడి 37. తేడా 25. ఆ 25కే మనం స్వెటర్లు తీస్తాం, మఫ్లర్లు చుడతాం, వాకిట్లో చలిమంట వేసుకుంటాం. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ ఏజెన్సీ ఊళ్లలో కొన్ని ఏళ్లు ఐదారు డిగ్రీల దాకా దిగుతుంది. అక్కడ తేడా 31, 32. ఇప్పుడు ఎంపరర్ దగ్గరికి పోదాం. దాని ఒంట్లో వేడి సుమారు 38. బయట సున్నాకు 40 డిగ్రీలు కింద. సున్నా అంటే నీళ్లు గడ్డకట్టే మెట్టు, అక్కడి నుంచి ఇంకో 40 మెట్లు దిగాలి. 38కి 40 కలిపితే 78. మన ఆదిలాబాద్ చలికి రెండింతల కంటే ఎక్కువ తేడా, పైగా మంచు తుఫాను.

సముద్రంలోకి దిగితే ఇంకో కష్టం. నీరు గాలి కంటే సుమారు 25 రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది. ఉప్పు వల్ల అంటార్కిటికా సముద్రపు నీరు సున్నా దగ్గర గడ్డకట్టదు, −1.8 డిగ్రీల దాకా నీరుగానే ఉంటుంది. పెంగ్విన్ తన ఆహారం కోసం గంటల తరబడి ఆ నీళ్లలోనే ఉండాలి. అందుకే దాని ఒంటి ఏర్పాటు గాలికీ నీటికీ రెండింటికీ సరిపోవాలి.

## ఈకల మధ్య ఆగిపోయిన గాలి

మన కురుమల గొంగడి తెలుసు కదా. చలిలో దాన్ని కప్పుకుంటే వెచ్చగా ఉండేది ఉన్నిలో వేడి ఉన్నందుకు కాదు. పోగుల సందుల్లో గాలి చిక్కుకుంటుంది, కదలని గాలి వేడిని త్వరగా దాటనివ్వదు. పెంగ్విన్ ఈకలు చేసేదీ అదే పని. పైన పొట్టిగా, గట్టిగా, ఒకదానిమీద ఒకటి పరుచుకున్న ఈకలు ఉంటాయి. వాటి కింద మెత్తటి నూగు ఉంటుంది. పైవి గాలినీ నీటినీ ఆపుతాయి, కింది నూగు గాలిని పట్టి ఉంచుతుంది. తోక దగ్గరి గ్రంథి నుంచి వచ్చే నూనెను పెంగ్విన్ ముక్కుతో ఒళ్లంతా రాసుకుంటుంది కాబట్టి నీళ్లు లోపలికి ఇంకవు.

ఇక్కడ ఒక పాత నమ్మకం మారింది. పక్షులన్నిటిలోకీ పెంగ్విన్ ఈకలే అతి దట్టమైనవని, అదే దాని రహస్యమని ఎన్నో పుస్తకాల్లో రాశారు. 2015లో పరిశోధకులు ఎంపరర్ ఈకలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టి చూశారు. పైఈకలు చదరపు సెంటీమీటరుకు సుమారు 9 మాత్రమే తేలాయి. అంతకంటే దట్టమైన ఈకలున్న పక్షులు వేరే ఉన్నాయి. కొత్తగా తెలిసిందేమిటంటే, అంతకుముందు ఎవరూ సరిగా పట్టించుకోని చిన్న నూగు ఈకలు పైఈకలకు నాలుగింతలు ఉన్నాయి. పైకి కనిపించే ఈకల కంటే కనిపించని నూగుకే ఎక్కువ పేరు దక్కాలి.

మరి కొవ్వు సంగతి? చర్మం కింద రెండు మూడు సెంటీమీటర్ల మందాన కొవ్వు ఉంటుంది. నేల మీద ఉన్నప్పుడు వెచ్చదనంలో పెద్ద వాటా ఈకలదే. లోతు నీళ్లలోకి మునిగినప్పుడు లెక్క మారుతుంది. నీటి ఒత్తిడికి ఈకల మధ్య గాలి నలిగి తగ్గిపోతుంది, అప్పుడు కొవ్వు ఆదుకుంటుంది. తిండి లేని నెలల్లో ఆ కొవ్వే ఆహారం కూడా. "కొవ్వా, ఈకలా?" అన్న వాదనకు ఒక్క జవాబు లేదు. పెంగ్విన్ ఎక్కడ ఉంది, ఏం చేస్తోంది అన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఈ కవచం ఎంత బాగా పనిచేస్తుందో 2013లో వచ్చిన ఒక పరిశోధన చూపించింది. వేడిని చూడగల కెమెరాతో ఎంపరర్లను ఫొటో తీస్తే, వాటి ఈకల పైభాగం చుట్టూ ఉన్న గాలి కంటే నాలుగైదు డిగ్రీలు ఇంకా చల్లగా ఉంది. లోపల 38 డిగ్రీల ఒళ్లు, పైన గాలి కంటే చల్లటి చొక్కా. లోపలి వేడి పైదాకా దాదాపు రావడమే లేదన్నమాట, ఈకల పైన ఉన్న కాస్త వేడి కూడా కిరణాలుగా ఆకాశం వైపు పోతుంది. ఆ ఫొటోల్లో కాస్త వెచ్చగా కనిపించినవి కళ్లు, ముక్కు, రెక్కలు, పాదాలు.

## పాదాలు ఎందుకు గడ్డకట్టవు

నాకు అన్నిటికంటే అద్భుతంగా అనిపించేది ఇదే. నెలల తరబడి మంచుగడ్డ మీద వట్టి పాదాలతో నిలబడాలి. ఈకల్లేవు, కొవ్వు లేదు.

పాదాలు వెచ్చగా ఉంచుకుంటుందేమోనని మనం అనుకుంటాం. అలా చేస్తే రెండు ఆపదలు. వెచ్చటి పాదం నుంచి వేడి ధారగా మంచులోకి పోతుంది. పాదం కింది మంచు కరిగి, మళ్లీ గడ్డకట్టి, పాదాన్ని అంటిపెట్టేస్తుంది. మరీ చల్లబడనిస్తే పాదంలో రక్తం గడ్డకట్టి కణాలు చచ్చిపోతాయి. పెంగ్విన్ ఈ రెండిటి మధ్య సన్నటి దారి పట్టుకుంది: పాదాన్ని గడ్డకట్టే మెట్టుకు ఒకటి రెండు డిగ్రీల పైన మాత్రమే ఉంచుతుంది. వేడిగా ఉంచదు, గడ్డకట్టనివ్వదు.

అది ఎలాగో రక్తం ప్రయాణాన్ని చూస్తే అర్థమవుతుంది. గుండె నుంచి పాదాలకు వెచ్చటి రక్తం తీసుకుపోయే గొట్టాలను ధమనులంటారు. పాదాల నుంచి చల్లబడిన రక్తాన్ని వెనక్కి తెచ్చేవి సిరలు. పెంగ్విన్ కాలిలో ఈ రెండూ ఒకదానికొకటి ఆనుకుని, ఎదురెదురు దిక్కుల్లో సాగుతాయి. కిందికి దిగే రక్తం 38 డిగ్రీలతో బయల్దేరిందనుకోండి. పక్కనే పైకి ఎక్కే రక్తం చల్లగా ఉంది. వెచ్చని దాని వేడి గోడ దాటి చల్లని దానిలోకి చేరుతుంది. కొంచెం దిగేసరికి 30, ఇంకొంచెం దిగితే 20, తర్వాత 10, పాదం చేరేసరికి రెండు మూడు. పైకి వచ్చేది కూడా అలాగే మెట్టు మెట్టుకూ వేడెక్కుతూ, ఒంట్లోకి చేరేసరికి మళ్లీ వెచ్చబడుతుంది. (మధ్యలోని అంకెలు అర్థం కావడానికి వేసుకున్నవి, కొలిచినవి కావు.) పాదానికి దిగాల్సిన వేడి దారిలోనే వెనక్కి తిరిగి ఇంటికి చేరుకుంది. పాదానికి కావలసిన రక్తం మాత్రం అందింది.

అంత చల్లటి పాదం కదలడం ఎట్లా? చల్లబడితే కండరాలు మొద్దుబారతాయి. అందుకే పాదాన్ని కదిలించే పెద్ద కండరాలు పాదంలో లేవు, పైన వెచ్చటి ఒంటికి దగ్గరగా ఉన్నాయి. అక్కడి నుంచి పొడుగాటి నరంపోగుల్లాంటి స్నాయువులు కిందికి దిగి వేళ్లను లాగుతాయి. చలి మరీ ముదిరితే ఎంపరర్ వేళ్లు పైకెత్తి, మడమలూ తోకా ఆనించి నిలబడుతుంది. మంచును తాకే చోటు అలా ఇంకా తగ్గుతుంది.

రెక్కల్లోనూ ఇలాంటి రక్తనాళాల అల్లిక ఉంటుంది. ముక్కులో కూడా వదిలే ఊపిరిలోని వేడిని చాలావరకు పట్టి ఉంచే ఏర్పాటు ఉంది.

ఇక్కడే ఒక ఆసక్తికరమైన చిక్కు. ఈ ఏర్పాటు మంచు కోసమే పుట్టిందా? పాత పెంగ్విన్ల ఎముకల శిలాజాలను చూసిన పరిశోధకులు రెక్క ఎముక మీద ఆ రక్తనాళాల గుర్తులు సుమారు 4 కోట్ల 90 లక్షల ఏళ్ల కిందటే ఉన్నాయని 2011లో చెప్పారు. అప్పుడు భూమి ఇప్పటి కంటే చాలా వెచ్చగా ఉండేది, అంటార్కిటికా మీద ఇప్పటిలా మంచు దుప్పటి లేదు. అయితే ఒళ్లు వెచ్చగా ఉన్న ఏ ప్రాణికైనా సముద్రపు నీళ్లలో గంటల తరబడి ఈదితే వేడి పోతుంది. అందుకని ఆ ఏర్పాటు ముందు ఈత కోసం వచ్చిందని, తర్వాత మంచులో బతకడానికి కూడా పనికొచ్చిందని వాళ్ల వివరణ. వెచ్చటి తీరాల పెంగ్విన్లకూ ఇవే రక్తనాళాలు ఎందుకున్నాయో దీంతో అర్థమవుతుంది.

## పెద్ద ఒళ్లు, చిన్న ఒళ్లు

ఒక సెంటీమీటరు భుజం ఉన్న చిన్న ఘనం తీసుకుందాం. దానికి ఆరు ముఖాలు, ఒక్కో ముఖం 1 చదరపు సెంటీమీటరు, మొత్తం 6. లోపలి భాగం 1. ఇప్పుడు భుజం రెండు సెంటీమీటర్లు చేద్దాం. ముఖాలు ఒక్కోటి 4, మొత్తం 24. లోపలి భాగం 8. మొదటిదానికి లోపలి ప్రతి ఒక్క భాగానికీ 6 వంతుల చర్మం ఉంటే, రెండోదానికి 3 వంతులే. వేడి పుట్టేది లోపల, పోయేది చర్మం నుంచి. ఒళ్లు పెద్దదైతే పోయే దారి ఆ మేరకు తగ్గుతుంది.

అందుకే అతి చలిలో ఉండే ఎంపరర్ అందరికంటే పెద్దది, భూమధ్యరేఖ దగ్గరి గాలపాగస్ పెంగ్విన్ చిన్నది. ఈ సూత్రం అన్నిచోట్లా వర్తించదు. నాలుగైదు కిలోల అడెలీ కూడా అంటార్కిటికాలోనే గుడ్లు పెడుతుంది. కాకపోతే అది అక్కడి వేసవిలో, గులకరాళ్ల గూడు కట్టుకుని పెడుతుంది. నడి చలికాలాన్ని ఎదుర్కోవాల్సింది ఎంపరర్ ఒక్కటే.

## గుంపులో ఎవరు ఎవరికి సాయం చేస్తారు

మన దగ్గర రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండలు కాసేటప్పుడు అక్కడ చలికాలం మొదలై ఉంటుంది. మే, జూన్ నెలల్లో ఎంపరర్ తల్లి ఒక్కటంటే ఒక్క గుడ్డు పెడుతుంది. అరకిలోకు కాస్త తక్కువ బరువుండే ఆ గుడ్డును జాగ్రత్తగా తండ్రి పాదాల మీదికి మార్చి, తాను సముద్రానికి వెళ్లిపోతుంది. తండ్రి పొట్ట కింద వేలాడే చర్మపు మడతతో గుడ్డును కప్పి, సుమారు 65 రోజులు పాదాల మీదే మోస్తాడు. గూడు ఉండదు. గుడ్డు జారి మంచు మీద పడితే కొద్దిసేపట్లోనే లోపలి పిల్ల చచ్చిపోతుంది.

ఆ రోజుల్లో తండ్రికి తిండి లేదు. జతకట్టడానికి వచ్చిన రోజు నుంచి లెక్కేస్తే దాదాపు నాలుగు నెలల ఉపవాసం. బరువులో సుమారు 40 శాతం పోతుంది. 38 కిలోలతో వచ్చిన తండ్రికి 15 కిలోలు తగ్గి 23 కిలోలు మిగులుతాయి. కొవ్వు అయిపోతే చలి కాచుకోవడానికి ఒంట్లో ఇంధనం ఉండదు. పిల్ల పుట్టే వేళకు తల్లి రాకపోతే తండ్రి తన ఆహారనాళంలో ఊరే పెరుగులాంటి పదార్థాన్ని పిల్లకు కొన్ని రోజులు తినిపిస్తాడు. తాను తినక నెలలు గడిచినా పిల్లకు పెట్టడానికి ఆ కాస్త ఉంటుంది.

ఆ కొవ్వును ఆదా చేసేది గుంపు. తండ్రులు వందలు, కొన్నిసార్లు వేలు ఒక్కచోటికి చేరి, వేలెడు ఎడం కూడా లేకుండా నిలబడతారు. ఒక చదరపు మీటరులో తొమ్మిది, పది. బయట ఎముకలు కొరికే చలి ఉన్నా లోపలి నడుమ వేడి 20 డిగ్రీలు దాటుతుంది, ఒక్కోసారి 37 దాకా కొలిచారు. మరీ వేడెక్కుతుంది కాబట్టి గుంపు ఎక్కువసేపు ఉండదు, సగటున గంటన్నర చుట్టూ. తర్వాత విడిపోయి, మళ్లీ చేరతారు.

అంచున ఉన్నవాటి సంగతి? అంత దగ్గరగా నిలబడితే ఎవరూ కదలలేరు కదా. 2011లో పరిశోధకులు క్షణక్షణం ఫొటోలు తీసి ఈ ముడి విప్పారు. ప్రతి 30 నుంచి 60 సెకన్లకు ఒకసారి గుంపంతా 5 నుంచి 10 సెంటీమీటర్ల చిన్న అడుగు వేస్తుంది. ఒకటి కదిలితే పక్కది, దాని పక్కది, అలా అలలా ఆ కదలిక గుంపంతా పాకుతుంది. గాలి కొట్టే వైపు ఉన్నవి అంచు వెంబడి నడిచి గాలి తగలని వైపు చేరతాయి. కొంతసేపటికి వాటి వెనక ఇంకొన్ని వచ్చి నిలబడతాయి, అవి నడుమన పడతాయి.

దీన్ని ఎలా అర్థం చేసుకోవాలన్న దగ్గర రెండు ఆలోచనలున్నాయి. పిల్లల కథల్లో "అందరూ వంతులు వేసుకుని ఒకరినొకరు కాపాడుకుంటారు" అని చెబుతాం. గుంపుకు నాయకుడు లేడు, వంతులు పంచేవాళ్లూ లేరు. 2012లో అమెరికాలోని గణిత పరిశోధకులు కంప్యూటర్ నమూనా కట్టి, ప్రతి పెంగ్విన్ తన వెచ్చదనం మాత్రమే చూసుకుని గాలి తగలని చోటుకు నడిచినా వేడి అందరికీ దాదాపు సమానంగా అందుతుందని చూపించారు. సాయం చేయాలన్న ఆలోచన లేకపోయినా పంపకం జరిగిపోతుంది. ఇక మొదటి ఆలోచన పూర్తిగా తప్పని కూడా అనలేం. ఎంపరర్లకు గూళ్లు లేవు కాబట్టి చోటు కోసం కొట్లాడుకోవు, ఒకదాన్నొకటి తాకనిస్తాయి. గూళ్లు కాపాడుకునే అడెలీలు పక్కవాటిని ముక్కుతో పొడుస్తాయి. తాకనిచ్చే ఆ ఓర్పు లేకపోతే గుంపే లేదు. పిల్లలకు చెప్పేటప్పుడు నేనైతే ఈ రెండూ కలిపే చెబుతాను.

## ఊగే నడక దండగ కాదు

పెంగ్విన్ నడక చూస్తే పిల్లలు నవ్వుతారు. దాని కాళ్లు నిజానికి కనిపించినంత పొట్టి కావు. తొడ ఎముక, మోకాలు ఈకల కింద ఒంట్లోనే దాగి ఉంటాయి. మనకు కనిపించేది చీలమండ కింది భాగం మాత్రమే. పెంగ్విన్‌కు మోకాళ్లు లేవన్న మాట నిజం కాదు.

1970ల్లో నడిచే పెంగ్విన్ ఎంత ఊపిరి పీలుస్తోందో కొలిచి చూస్తే, అదే బరువున్న వేరే జంతువు కంటే రెట్టింపు శక్తి ఖర్చు చేస్తోందని తేలింది. అటూ ఇటూ ఊగడం వల్లే ఆ వృథా అని చాలామంది అనుకున్నారు. 2000లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు ఎంపరర్లను అడుగు బలం కొలిచే పలక మీద నడిపించారు. ఫలితం ఎదురు తిరిగింది. పక్కకు ఒరిగినప్పుడు ఒళ్లు కొంచెం పైకి లేస్తుంది, మళ్లీ రెండో వైపు వాలేటప్పుడు ఆ ఎత్తు నుంచి దిగే ఊపు తర్వాతి అడుగుకు పనికొస్తుంది. అలా ఒక్కో అడుగులోని శక్తిలో 80 శాతం దాకా తర్వాతి అడుగుకు తిరిగొస్తోంది. మనుషుల నడకలో ఇది సుమారు 65 శాతం. ఊగడం ఖర్చు కాదు, ఖర్చును తగ్గించే ఉపాయం.

మరి ఆ రెట్టింపు ఖర్చు ఎక్కడి నుంచి? పొట్టి కాళ్ల వల్ల. పొట్టి అడుగులు ఎక్కువసార్లు, త్వరత్వరగా వేయాలి, కండరాలు ఎక్కువ పని చేయాలి. కాళ్లు పొడుగైతే నడక తేలికవుతుంది. కానీ పొడుగు కాళ్లు వేడిని ఎక్కువ పోగొడతాయి, నీళ్లలో అడ్డు తగులుతాయి. వేడిని, ఈతను కాపాడుకోవడానికి నడకలో నష్టం భరించింది. గడ్డకట్టిన సముద్రం మీద గుడ్డు పొదిగే చోటు నుంచి గడ్డకట్టని నీళ్ల దాకా ఒక్కోసారి 50, 100 కిలోమీటర్లు నడవాల్సిన ఎంపరర్‌కు ఈ నష్టం చిన్నదేమీ కాదు.

అందుకే మెత్తటి మంచు, నున్నటి గడ్డ దొరికితే పొట్ట మీద పడుకుని పాదాలతో, రెక్కలతో నెట్టుకుంటూ జారుతుంది. అది ఆట కూడా అయి ఉండొచ్చు, ప్రయాణమైతే తప్పకుండా అవును.

## నీళ్లలో ఎగరడం

నేల మీద తడబడే ఈ పక్షి నీళ్లలో పడగానే వేరే ప్రాణి అవుతుంది. రెక్కలు పొట్టిగా, బల్లపరుపుగా, మడవడానికి వీలు లేనంత గట్టిగా ఉంటాయి. గాలిలో ఎగిరే పక్షులకు రెక్క కిందికి కొట్టినప్పుడే ఎక్కువ బలం. పెంగ్విన్ రెక్కను పైకి లేపినప్పుడు కూడా ముందుకు తోసుకుంటుంది. పాదాలు, తోక దిక్కు తిప్పుతాయి. ఎగిరే పక్షుల ఎముకలు చాలావరకు బోలు, దీని ఎముకలు గట్టివి, బరువైనవి. మునగడానికి ఆ బరువు సాయం.

"రెక్కలుండి ఎందుకు ఎగరదు?" అన్న ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది. ఎగరడానికీ ఈదడానికీ రెండింటికీ ఒకే రెక్క బాగా పనికిరాదు. ఉత్తర సముద్రాల్లో రెండు పనులూ చేసే మర్ అనే పక్షులను 2013లో పరిశీలిస్తే, ఎగరడానికి అవి పెట్టే శక్తి కొలిచిన పక్షులన్నిటిలోకీ ఎక్కువని తేలింది. ఈతకు తగ్గట్టు రెక్క మారేకొద్దీ ఎగరడం భారమవుతుంది. ఒక దశలో పెంగ్విన్ల పూర్వీకులు ఆ భారం వదిలేశాయి.

ఎంపరర్ 560 మీటర్ల లోతు దాకా దిగినట్టు, ఒకసారి 32 నిమిషాలు ఊపిరి బిగబట్టినట్టు కొలతలున్నాయి. మామూలుగా అది దిగేది అంతకంటే చాలా తక్కువ లోతుకే, కొన్ని నిమిషాలే. పైకి వచ్చేటప్పుడు ఈకల మధ్య దాచుకున్న గాలిని సన్నటి బుడగలుగా వదులుతుంది. ఆ బుడగల పొర నీటి రాపిడిని తగ్గించడంతో వేగం పెరుగుతుందని 2011లో వీడియోలు పరిశీలించినవాళ్లు వివరించారు. అందుకే అది అంచున పొంచి ఉండి పెంగ్విన్లను వేటాడే లెపర్డ్ సీల్ అనే సముద్ర జంతువుకు చిక్కకుండా నీళ్లలోంచి ఒక్క ఉదుటున మంచు మీదికి దూకగలదు. వెచ్చదనం కోసం దాచిన గాలే ఇక్కడ వేగానికి పనికొచ్చింది.

## మన జూలో ఎందుకు లేదు

రామగుండంలో మే నెలలో 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. వేడిని పోనివ్వకుండా ఇంత పకడ్బందీగా కట్టిన ఒళ్లు ఆ ఎండలో ఏమవుతుందో ఊహించవచ్చు. వెచ్చటి తీరాల పెంగ్విన్లకు వేడిని వదిలే దారులు కొంత ఎక్కువ. ఆఫ్రికన్ పెంగ్విన్‌కు కళ్ల పైన ఈకల్లేని గులాబీ రంగు చర్మం ఉంటుంది, ఎండ పెరిగితే అక్కడికి రక్తం ఎక్కువ పారి వేడి బయటికి పోతుంది. ఎంపరర్ కూడా వేడెక్కితే రెక్కలు విప్పి పట్టుకుంటుంది, నోరు తెరిచి ఎగపోస్తుంది, మంచు తింటుంది. ఇవన్నీ కాస్త వేడికే సరిపోతాయి. ముంబైలో హంబోల్ట్ రకాన్నే చల్లటి ఏసీ గదిలో పెంచుతున్నారు. వరంగల్ ఎండలో ఆరుబయట పెంగ్విన్‌ను ఉంచడం దాన్ని చంపడమే.

## పిల్లల నూగు, కరిగే మంచు

పెంగ్విన్ పిల్లకు పుట్టినప్పుడు ఉండేది బూడిద రంగు నూగు. గాలిలో వెచ్చగా ఉంచుతుంది, నీళ్లలో తడిసి ముద్దవుతుంది. జూలై, ఆగస్టుల్లో పుట్టిన ఎంపరర్ పిల్లకు నీళ్లు ఆగే ఈకలు వచ్చేసరికి డిసెంబరు, జనవరి అవుతుంది. అప్పటిదాకా దాని కింది సముద్రపు గడ్డ గట్టిగా ఉండాలి. పెద్దవాటికీ ఏటా ఒకసారి ఇలాంటి గడ్డుకాలం వస్తుంది. పాత ఈకలన్నీ కొన్ని వారాల్లో రాలి కొత్తవి వస్తాయి, అన్నాళ్లూ నీళ్లలోకి దిగలేక ఉపవాసం ఉంటాయి.

2022లో అంటార్కిటికా పడమటి వైపున ఉన్న బెల్లింగ్‌షాసెన్ సముద్రంలో గడ్డ ముందే పగిలిపోయింది. అక్కడి ఐదు ఎంపరర్ స్థావరాల్లో నాలుగింటిలో ఆ ఏటి పిల్లలు బతికి ఉండే అవకాశం లేదని ఉపగ్రహ చిత్రాల ఆధారంగా 2023లో ప్రకటించారు. ఆకాశం నుంచి పెంగ్విన్లు కనిపించవు, తెల్లటి మంచు మీద వాటి రెట్ట మరకలు కనిపిస్తాయి. ఆ మరకలు ఉన్నాయా, మంచు ఉందా అని చూసి లెక్కకట్టారు.

దీని అర్థమేమిటన్న విషయంలో శాస్త్రవేత్తలు ఒకే మాట మీద లేరు. హాలీ బే అనే చోట 2016 నుంచి మూడేళ్లు పిల్లలు బతకలేదు. అక్కడి పెద్దవాటిలో చాలా భాగం సుమారు 55 కిలోమీటర్ల దూరంలోని ఇంకో స్థావరానికి మారాయి, అక్కడ సంఖ్య పెరిగింది. ఎంపరర్లు చోటు మార్చుకోగలవని దీన్ని చూపి కొందరు అంటారు. మారడానికి గట్టి మంచున్న చోటు మిగలాలి కదా అని మిగతావాళ్ల మాట. భూమి వేడెక్కడం ఇలాగే సాగితే ఈ శతాబ్దం చివరికి చాలా స్థావరాలు తరిగిపోతాయని వాళ్ల అంచనా. అన్ని రకాలకూ ఒకే గతి కూడా లేదు. ద్వీపకల్పంలో అడెలీలు తగ్గుతుంటే, అంత మంచు అక్కర్లేని జెంటూలు పెరుగుతూ కొత్త చోట్లకు పాకుతున్నాయి. భారతి కేంద్రం ఉన్న తూర్పు అంటార్కిటికాలో అడెలీల గుంపులు ఇంకా పెద్దవిగానే ఉన్నాయి.